పారేసే బూడిదతో కట్టే గోడ: పనివాళ్ళు తెలుసుకోవలసిన సంగతులు

(యాంగోన్‌లో జరిగిన వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఫ్యాక్టరీల్లో మిగిలిపోయే బూడిద, స్లాగ్ లాంటి వాటితో ఇల్లు కట్టే సామాను ఎలా తయారవుతుందో, దానితో మన పనివాళ్ళకు ఏం సంబంధమో చెప్పమని కమిటీవాళ్ళు అడిగారు. నేను సివిల్ డిప్లొమా చదివి సైట్ సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నవాణ్ణి. కాబట్టి లాబొరేటరీ సంగతులు తక్కువ, సైటు సంగతులు ఎక్కువ చెప్తాను. ముందే ఒక మాట చెప్పేస్తాను. ఈ సామాను మంచిదే. కానీ దానికి ఎక్కువ రోజులు కావాలి, ఎక్కువ నీళ్ళు కావాలి. ఓనరుకు డబ్బు సిమెంటులో మిగిలితే మంచిదే. ఆ రోజుల్లోనూ ఆ నీళ్ళలోనూ మిగుల్చుకోవాలని చూస్తే మాత్రం, ఆ స్లాబు కింద ముందు నిలబడేది మనమే.

ముందు ఈ ఊరి సంగతే తీసుకుందాం. మన తాతల కాలంలో ఈ ఊరిని రంగం అనేవాళ్ళు. కోరంగి రేవు నుంచి, విశాఖపట్నం నుంచి ఓడలెక్కి వచ్చిన మనవాళ్ళను ఇక్కడివాళ్ళు కోరంగీలన్నారు. వాళ్ళలో చాలామంది రేవులోనూ రైసు మిల్లుల్లోనూ బస్తాలు మోసినవాళ్ళు. పజుందౌంగ్ వాగు ఒడ్డున వరసగా ఉండేవట ఆ మిల్లులు. వాటి బాయిలర్లలో వేసేది ఊకే. వడ్లు ఆడగా వచ్చిన ఊకను అక్కడికక్కడే మండించి, ఆ ఆవిరితోనే మళ్ళీ వడ్లు ఆడేవాళ్ళు. మిల్లు తన చెత్తతో తానే నడిచేదన్నమాట. మిగిలిన బూడిదకు మాత్రం విలువ లేదు.

ఇప్పుడు లెక్క చూడండి. వెయ్యి కిలోల వడ్లు ఆడితే సుమారు 200 కిలోల ఊక వస్తుంది. ఆ ఊకను కాలిస్తే సుమారు 40 కిలోల బూడిద. ఆ బూడిద సరిగ్గా కాలితే అందులో నూటికి 85 నుంచి 95 వంతులు సిలికాయే. ఇసుకలో ఉండేదీ సిలికాయే కదా, తేడా ఏంటి అంటారా? ఇసుకలో సిలికా గట్టిగా పేర్చి కట్టిన గోడలాంటిది, దేనితోనూ కలవదు. ఊక బూడిదలో సిలికా అడ్డదిడ్డంగా పోసిన ఇటుకల కుప్పలాంటిది, సున్నం దొరికితే చాలు పట్టుకుంటుంది.

ఆ సున్నం ఎక్కడిది? మనం వాడే సిమెంటులోనిదే. సిమెంటుకు నీళ్ళు తగిలినప్పుడు రెండు తయారవుతాయి. ఒకటి జిగురు, అదే కంకరనీ ఇసుకనీ పట్టి ఉంచేది. రెండోది సున్నం, దానివల్ల బలమేమీ ఉండదు, ఊరికే పడి ఉంటుంది. కాంక్రీటు మీద తెల్లగా పూసేది చాలావరకు అదే. ఇలాంటి బూడిద కలిపితే, పడి ఉన్న ఆ సున్నాన్ని పట్టుకుని మళ్ళీ జిగురు తయారుచేస్తుంది. ఇదే మొత్తం కథ. థర్మల్ స్టేషన్ బూడిదైనా, ఊక బూడిదైనా పని ఇదే.

ఇది కొత్త విద్యేమీ కాదు. మన ఊళ్ళలో పాత మేడలకు గానుగ సున్నంలో సుర్కీ, అంటే ఇటుక పొడి, ఎందుకు కలిపేవాళ్ళు? ఇందుకే. ఈ దేశంలో మిట్‌ంగే నది మీద 790 మెగావాట్ల యేవా డ్యామ్ కట్టినప్పుడు కూడా సిమెంటు తగ్గించి, పోపా కొండ వైపు నుంచి తెచ్చిన అగ్నిపర్వతపు మట్టిని పొడి చేసి కలిపారు. బర్మా భాషలో సిమెంటును బిలాత్ మ్యే అంటారు, మీకు తెలిసిందే, విలాయతు మట్టి అని అర్థం. విలాయతు మట్టిని తగ్గించి స్వదేశీ మట్టి కలిపారన్నమాట.

ఇక మన వైపు. రామగుండం, కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం, పరవాడ, ఎక్కడ చూసినా బొగ్గు కాల్చే థర్మల్ స్టేషన్లే. మన దేశపు బొగ్గులో బూడిద ఎక్కువ. ఆ బూడిదను నీళ్ళతో కలిపి బూడిద చెరువుల్లోకి తోసేవాళ్ళు. ఎండాకాలం గాలి వీస్తే ఆ చుట్టుపక్కల ఊళ్ళ సంగతి చెప్పనక్కర్లేదు, అన్నం కంచంలో కూడా బూడిదే. 1996-97లో దేశం మొత్తం మీద దాదాపు 6.9 కోట్ల టన్నుల బూడిద వస్తే నూటికి పది వంతులు కూడా వాడలేదు. 1999 సెప్టెంబరులో కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చింది. థర్మల్ స్టేషన్‌కు 50 కిలోమీటర్ల లోపు ఇటుకలు చేసేవాళ్ళు మట్టిలో బూడిద కలపాలని చెప్పింది. తర్వాత ఆ దూరం పెంచుకుంటూ పోయి 2016లో 300 కిలోమీటర్లు చేశారు. 2021-22 నాటికి వచ్చే బూడిద 27 కోట్ల టన్నులకు చేరింది, అందులో 95 శాతం పైగా వాడకంలోకి వెళ్ళిందని కేంద్ర విద్యుత్ సంస్థ లెక్క. సిమెంటు కంపెనీలు, రోడ్లు, పల్లాలు పూడ్చడం, ఇటుకలు, అన్నీ కలిపి.

ఇందులో మన విశాఖపట్నంవాళ్ళ పాత్ర ఉందని చాలామందికి తెలియదు. ఎన్. భానుమతీదాస్ గారు, ఎన్. కాళిదాసు గారు అనే ఇద్దరు పరిశోధకులు విశాఖలో ఇన్స్వారెబ్ అనే సంస్థ పెట్టి ఫాల్-జి అనే పద్ధతి తెచ్చారు. ఫ్లై యాష్, లైమ్, జిప్సం, ఈ మూడింటి పేర్లు కలిపితే ఫాల్-జి. చమత్కారం ఏంటంటే మూడూ పారేసేవే కావచ్చు. బూడిద థర్మల్ స్టేషన్‌ది. సున్నం వెల్డింగుకు వాడే అసిటిలిన్ గ్యాసు తయారుచేసే చోట మిగిలిన బురద. జిప్సం ఎరువుల ఫ్యాక్టరీలో మిగిలిన గుట్ట. మూడింటినీ పాళ్ళ ప్రకారం కలిపి, అచ్చులో నొక్కి, నీళ్ళు పెడితే ఇటుక అయిపోతుంది. బట్టీ లేదు, బొగ్గు లేదు, పొగ లేదు. సున్నం, జిప్సం దొరకనిచోట వాటి బదులు సిమెంటు వేస్తారు. బట్టీ కాల్చకపోవడం వల్ల తగ్గిన పొగకు లెక్క కట్టి డబ్బిచ్చే ప్రపంచ బ్యాంకు కార్బన్ నిధి కూడా ఈ చిన్న యూనిట్లను ఎంచుకుంది. బట్టీల్లో ఇటుక కోసినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. వాన పడితే బట్టీ ఆగిపోతుంది, కూలీ ఆగిపోతుంది. ఈ ఇటుక షెడ్డులో చేసేది కాబట్టి వానాకాలంలోనూ పని ఉంటుంది. నా మట్టుకు నాకు దీనిలో నచ్చిన సంగతి పొగ తగ్గడం కంటే ఇదే.

విశాఖ ఉక్కు ఫ్యాక్టరీ నుంచి వచ్చే స్లాగ్ సంగతి కూడా ఒక్క మాట. కరిగిన స్లాగ్ మీద నీళ్ళు చిమ్మి గబుక్కున చల్లారిస్తే ఇసుకలాగా పొడిపొడి అవుతుంది. దాన్ని మెత్తగా ఆడించి సిమెంటులో కలుపుతారు. అదే స్లాగ్ సిమెంటు. ఉప్పు నీళ్ళు తగిలే పునాదులకు, పైల్ పనులకు ఇది మామూలు సిమెంటు కంటే మెరుగు. ఆటుపోట్లు వచ్చే నదుల పక్కన కట్టే ఈ యాంగోన్‌లో దాని విలువ వేరే చెప్పాలా? దానంతటది నిదానంగా చల్లారిన స్లాగ్ వేరు, అది కంకరలాగా వాడుకోవడానికే. పేరు ఒకటే, పని వేరు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను.

బూడిద చేసే జిగురు ఆలస్యంగా తయారవుతుందని ఇందాక అనుకున్నాం. ముందు సిమెంటు సున్నాన్ని విడవాలి, తర్వాత బూడిద దాన్ని పట్టుకోవాలి. అందువల్ల మొదటి వారంలో బలం తక్కువ, నెల దాటాక ఎక్కువ. తడి లేకపోతే ఆ పని మధ్యలోనే ఆగిపోతుంది. మన దేశపు ఐఎస్ 456 నియమాల పుస్తకం ఏం చెప్తుందంటే, మామూలు సిమెంటు కాంక్రీటును కనీసం 7 రోజులు తడిగా ఉంచాలి. బూడిద, స్లాగ్ కలిసిన సిమెంటైతే కనీసం 10 రోజులు. ఎండ ఎక్కువగా ఉండే పొడి వాతావరణమైతే ఆ ఏడు పదవుతుంది, ఆ పది పద్నాలుగవుతుంది.

యాంగోన్‌లో ఈ పద్నాలుగు రోజులు ఎప్పుడు పోతాయో మీకు తెలుసు. తింజాన్ పండగకి. ఏప్రిల్‌లో, మండే ఎండల్లో, పండగ సెలవులకు ముందు ఎలాగైనా స్లాబు వేసెయ్యాలని తొందర. కాంక్రీటు పోసి అందరూ ఊళ్ళకు పోతారు. ఊరు ఊరంతా ఒకరి మీద ఒకరు నీళ్ళు పోసుకుంటారు, నీళ్ళు కావలసిన స్లాబు మాత్రం ఎండిపోతుంది! పండగ ముందు పోసిన స్లాబైతే తడి గోనెలు కప్పి, అంచుల్లో మట్టి కట్టలు కట్టి, నీళ్ళు నిలబెట్టి, చూసుకోవడానికి ఇద్దరు మనుషుల్ని ఉంచాలి. ఆ ఇద్దరికీ పండగ కూలీ ఇవ్వాలి. వానాకాలంలో ఇంకో మాట వినపడుతుంది, వాన పడుతుంటే మళ్ళీ నీళ్ళెందుకు అని. పైన స్లాబుకు సరే. లోపలి గోడలకు, కింది అంతస్తు స్తంభాలకు వాన ఎక్కడిది?

నీళ్ళ కంటే భయం పోట్లు పీకడం దగ్గర. అదే పుస్తకం ప్రకారం మామూలు సిమెంటుకు, నాలుగున్నర మీటర్ల లోపు స్లాబు కింద పోట్లు కనీసం 7 రోజులు ఉండాలి, అంతకు మించితే 14. బీముల కింద ఆరు మీటర్ల లోపైతే 14, ఆ పైన 21. వేరే రకం సిమెంటు వాడితే ఈ రోజులు దానికి తగ్గట్టు మార్చుకోవాలని అక్కడే రాసి ఉంటుంది. అంటే నెమ్మదిగా బలం వచ్చే సిమెంటుకు పెంచాలనే కదా. సెంట్రింగ్ సామాను అద్దెకు తెచ్చుకున్న కాంట్రాక్టరుకు ఒక్కో రోజూ డబ్బే. నేను పనిచేసిన ఒక సైటులో ఆరో రోజు ఉదయమే పోట్లు తీసి పక్క బ్లాకుకు వేయమని ఫోను వచ్చింది. బూడిద కలిసిన సిమెంటు అది. మా సెంట్రింగ్ మేస్త్రీ, శ్రీకాకుళం వైపు పెద్దాయన, సుత్తి కింద పెట్టి, "ఏటి బాబూ, క్యూబులు నొక్కినారా? నొక్కితే కాయితం సూపించు, నాను పీకుతాను" అన్నాడు. క్యూబులు నొక్కించాం. రావలసినంత బలం రాలేదు. పద్నాలుగో రోజుదాకా పోట్లు కదలలేదు, నాకు కొన్ని మాటలు పడ్డాయి, అంతే. ఆ పెద్దాయనకు చదువు లేదు. క్యూబు అంటే ఏంటో తెలుసు. మీరూ అదే అడగండి. పోట్లు పీకమన్నవాణ్ణి ఎదిరించనక్కర్లేదు, "క్యూబు కాయితం వచ్చిందా సార్?" అంటే చాలు.

సంచి మీద చూడటం కూడా అలవాటు చేసుకోండి. ఓపీసీ అంటే మామూలుది. పీపీసీ అంటే బూడిద కలిసింది. మన దేశంలో అందులో నూటికి 15 నుంచి 35 వంతులదాకా బూడిద ఉండొచ్చు. పీఎస్సీ అంటే స్లాగ్‌ది, 25 నుంచి 70 వంతులదాకా. ఇక్కడి మార్కెట్లో ప్లాస్టరింగుకూ గోడకూ మాత్రమే పనికొచ్చే మిక్స్‌డ్ సిమెంటు కూడా దొరుకుతుంది. చవక కదా అని దాన్ని స్లాబులో వేయకూడదు. కలిపేది మన చెయ్యే కాబట్టి, ఏం కలుపుతున్నామో మనకి తెలిసి ఉండాలి.

ఇటుకల దగ్గర మనవాళ్ళకు జరిగే నష్టం ఇంకోటుంది. బూడిద ఇటుక గోడ పగిలితే అందరూ ముందు తాపీమేస్త్రీనే అంటారు. ఒకచోట ఇలాగే గోడలన్నీ మూలల్లోంచి పగుళ్ళిస్తే మా మేస్త్రీకి కూలీ కోసేశారు. తర్వాత లారీ చీటీలు తీసి చూస్తే ఆ ఇటుకలు అచ్చు తీసిన వారానికే సైటుకు వచ్చాయి. ఇటుక రెండు మూడు వారాలు నీళ్ళు తాగి, ఆ తర్వాత ఆరి, అప్పుడు గోడెక్కాలి. పచ్చి ఇటుక గోడలోకెక్కాక ఆరుతూ ముడుచుకుంటుంది, గోడ చీలుతుంది. మేస్త్రీ పనితనం ఏం చేస్తుంది? ఆ కూలీ కొంత వెనక్కి వచ్చింది, పూర్తిగా రాలేదు. అప్పట్నుంచి లోడు దిగగానే అచ్చు తీసిన తేదీ అడిగి, చాక్‌పీసుతో వరస మీద రాయిస్తున్నాను. మీ దగ్గర చాక్‌పీసు లేకపోతే బొగ్గుతో రాయండి. ఫోనుతో ఒక ఫొటో తీసుకోండి.

ఇటుక మంచిదో కాదో చూడటానికి మిషను అక్కర్లేదు. రెండింటినీ తడితే గణగణమనాలి. గోరుతో గీస్తే రాలకూడదు. మీటరు ఎత్తు నుంచి మట్టి నేల మీద వదిలితే ముక్కలవకూడదు. అనుమానముంటే ఆరిన ఇటుకను తూచి, 24 గంటలు నీళ్ళలో ఉంచి, తీసి తుడిచి మళ్ళీ తూచండి. బరువు నూటికి 20 వంతులు మించి పెరిగితే వద్దని చెప్పండి.

మరి ఊక బూడిద సంగతేంటి, ఈ దేశంలో బొగ్గు స్టేషన్లు తక్కువ, మిల్లులు బోలెడు కదా అని ఒక తమ్ముడు మొన్న అడిగాడు. మంచి ప్రశ్న. కానీ మిల్లు బాయిలర్ నుంచి బస్తా నింపుకొచ్చి మిక్సర్లో వెయ్యడం కుదరదు. నల్లగా ఉందంటే అందులో కాలని బొగ్గుంది. అది నీళ్ళు తాగేస్తుంది, మాలు పొడిబారుతుంది, కూలీవాడు ఇంకో బక్కెట్టు పోస్తాడు, బలం పోతుంది. మరీ ఎక్కువ వేడికి కాలి తెల్లబడిందంటే ఆ సిలికా మళ్ళీ ఇసుకలాగా గట్టిపడిపోయింది, పని చెయ్యదు, పైగా పీల్చితే ఊపిరితిత్తులకు చేటు. 500 నుంచి 700 డిగ్రీల మధ్య కాలి, తర్వాత మెత్తగా ఆడించినదే పనికొస్తుంది. అలా చేసే ఏర్పాటు ఉన్న మిల్లు దగ్గర, పరీక్ష కాయితంతో కొంటే సరే. థర్మల్ బూడిదలోనూ ఇంతే. పొగ గొట్టం దగ్గర పట్టే మెత్తటిదే సిమెంటుకు పనికొస్తుంది. కొలిమి అడుగుదీ చెరువులోదీ గరుకుగా ఉంటాయి, పల్లాలు పూడ్చుకోవాలి. ఇక ఊరి చెత్త కాల్చిన బూడిద, షెడ్డుల్లో బ్యాటరీలూ పెయింటు డబ్బాలూ కాల్చిన బూడిద, వీటి జోలికి అసలు పోవద్దు. సీసం లాంటివి ఉంటాయి.

కూలిన భవనాల శిథిలాల గురించి కూడా చెప్పాలి. 2025 మార్చి 28న వచ్చిన 7.7 భూకంపం మాండలే, సగైంగ్ వైపు చేసిన నష్టం మనమందరం చూశాం. మూడు వేలమందికి పైగా పోయారు. ఆ పనులకు వెళ్ళినవాళ్ళు, వెళ్ళబోయేవాళ్ళు ఉంటారు. పగలగొట్టిన కాంక్రీటును కంకరగా వాడొచ్చు, తప్పేం లేదు. మన ఐఎస్ 383, 2016 ప్రకారం బెడ్ కాంక్రీటు లాంటి పల్చటి వాటిలో మొత్తం అదే వేయొచ్చు, ఇనుము లేని మామూలు కాంక్రీటులో 25 శాతం, ఎం-25 వరకు ఉన్న ఇనుప కాంక్రీటులో 20 శాతం మించకూడదు. పాత కంకరకు పాత మాలు అంటుకుని ఉంటుంది, నీళ్ళు ఎక్కువ పీలుస్తుంది, అందుకని ముందే తడపాలి. కూలిన ఇంటి రాళ్ళతో మళ్ళీ స్తంభం పోస్తామంటే, అక్కడా క్యూబు కాయితం అడగండి.

ఆ శిథిలాల్లో పాత సిమెంటు రేకులుంటాయి. మన ఊళ్ళలో పశువుల పాకల మీద ఉండేవే. ఆ పాత రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. అన్ని రకాల ఆస్బెస్టాస్ క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది, తెలిసేది మాత్రం ఇరవై ముప్పై ఏళ్ళకు. వాటిని సుత్తితో కొట్టి ముక్కలు చేసి పునాదిలో నింపడం నేను చూశాను. వద్దు. తడిపి, విరగకుండా, మొత్తం రేకుగా దించి, ప్లాస్టిక్ పట్టాలో చుట్టాలి.

దుమ్ము గురించి ఇంకొంచెం. మొహానికి కట్టుకున్న తువ్వాలు కంటికి కనిపించే దుమ్మునే ఆపుతుంది. బూడిద, సిలికా సన్న దుమ్ము దాంట్లోంచి లోపలికే పోతుంది. ఎన్-95 మాస్కు అడగండి, అది ఇచ్చేదాకా బస్తాలు విప్పేటప్పుడు గాలికి ఎదురుగా నిలబడకండి. ఇటుకా బ్లాకూ పొడిగా కొయ్యకండి, నీళ్ళు పోస్తూ కొయ్యండి. సున్నం బురదా సిమెంటూ తడి చేతుల్ని తినేస్తాయి, రబ్బరు గ్లౌజులు వేసుకోండి. ఇక్కడి ఆడకూలీలను చూసి మన అక్కలు కూడా మొహానికీ చేతులకీ తనఖా పూసుకుంటున్నారు. ఎండకు మంచిదే. సిమెంటుకు పనికిరాదు, మన భాషలో ఆ మాటకు తాకట్టు అని అర్థం కదా, చేతులు తాకట్టు పెట్టినట్టే.

ఇక్కడితో ఆపుదామనుకున్నాను గానీ, చివరి వరసలోంచి ఒక చెల్లెమ్మ చెయ్యెత్తి అడిగిన ప్రశ్న పుస్తకంలో వేయాలని కమిటీవాళ్ళు అన్నారు. "పద్నాలుగు రోజులు తడపాలంటున్నావు అన్నయ్యా, మాకు చదరపు అడుగు లెక్కన ఇస్తారు, గోడ లేవగానే పని అయిపోయినట్టే. ఆ నీళ్ళు ఎవరు కొట్టాలి, ఊరికే కొట్టాలా?"

ఊరికే కొట్టకూడదు. రేటు మాట్లాడుకునే రోజే మూడు సంగతులు తేల్చుకోవాలి. సిమెంటు ఏ రకం, ఎన్ని రోజులు తడపాలి, తడిపే మనిషికి కూలీ ఎవరిస్తారు. చీటీ మీద రాయించుకుని ఇద్దరి సంతకాలూ పెట్టించండి, తెలుగులో రాసినా సరే, పక్కన బర్మా భాషలో ఒక్క వాక్యం రాయించండి. తడిపే మనిషి కాంట్రాక్టరు మనిషే అయితే, గోడ అప్పగించిన తేదీ చీటీ మీద వేయించుకోండి. మీ చీటీలో ఏం రాయాలో తెలియకపోతే ఆదివారం సాయంత్రం ఫోరం గదిలో కూర్చుంటాను, పట్టుకుని రండి.